జాంబీ అత్త పెంచిన నల్ల జాగ్వార్

పోర్తో గార్సా అనే రేవు ఊళ్లో ఇనాసియా నోరు మూయించగలిగిన మనిషి లేడు. అరగువాయా నది మీద చేపల పడవల్లో ఏళ్ల తరబడి వంట చేసింది. పడవలో ఎవరూ వినకపోతే చేపతోనే మాట్లాడేది. "ఏవమ్మా, ఒళ్లంతా ముళ్లేసుకుని వచ్చావు, నిన్నెట్టా వేయించేది?" అని దాని మొహంలోకి చూసి అడిగేది. వేట మీద ఆంక్షలొచ్చి పడవలు ఒడ్డెక్కాక, ఊళ్లో కంప్యూటర్ ఆటల కొట్టు ముందు పొయ్యి పెట్టుకుంది. ఆడుకోవడానికి వచ్చే కుర్రకారుకి వేడివేడిగా మాంసం కూరిన పాస్తెల్లు వేయించి అమ్మేది. వాటిలో మాంసం ఎంత ఉండేదో మాటలూ అంతే ఉండేవని కొట్టు యజమాని వేళాకోళమాడేవాడు.

ఒకరోజు కుండపోతగా వాన పడి పొయ్యి ఆరిపోయింది. ఇనాసియా గౌను అంచు పిండుకుంటూ లోపలికొచ్చి నిలబడింది. తెర మీద చచ్చి లేచిన శవాలు మందలుగా నడిచొస్తున్నాయి. నవ్వుకుందామని ఎవడో ఆమె చేతిలో జాయ్‌స్టిక్ పెట్టాడు.

"అత్తా, నువ్వూ రెండు జాంబీల్ని లేపెయ్."

"చచ్చినోళ్లని మళ్లీ చంపడమేంట్రా, పాపం కాదూ?" అంటూనే పుచ్చుకుంది.

ఆ వానాకాలం వెళ్లేలోగా కొట్టులో ఆమెను ఓడించేవాడు లేకుండా పోయాడు. మిగతావాళ్లు కదిలిన ప్రతిదాన్నీ కాల్చి తూటాలు తగలేసుకునేవారు. ఇనాసియా మాత్రం ఆగేది. మైకులో జట్టు మొత్తానికి ఆమె గొంతే దారి చూపేది. "ఎడమకి తిరుగు నాయనా. తొందరపడకు. అది నిన్ను చూళ్లేదు. రానీ... రానీ... ఆ, ఇప్పుడు!" ఎక్కడో పెద్ద పెద్ద నగరాల్లో కూర్చుని ఆడేవాళ్లు, ఆమె మొహం ఎన్నడూ చూడనివాళ్లు, ఆ గొంతు చెప్పినట్టల్లా తిరిగేవారు. అలా ఆమె ఊరందరికీ జాంబీ అత్త అయింది.

ఆ పేరు విని డాక్టరు తార్సిలా కొట్టుకి వెతుక్కుంటూ వచ్చింది. నది అవతలి ఒడ్డున అడవిలో, బోనుల్లో పుట్టిన జాగ్వార్ పిల్లలకి అడవి నేర్పి వదిలిపెట్టే కేంద్రంలో ఆమె పశువుల డాక్టరు. అక్కడ కెమెరాలు తిప్పడం, కంచె తలుపులు తెరవడం, అన్నీ ఆటల జాయ్‌స్టిక్‌తోనే చేస్తారు. ఆ పనికి వచ్చినవాళ్లు రోజంతా ఆకులు తప్ప ఏమీ కదలని తెరను చూడలేక వెళ్లిపోతున్నారు.

"ఇక్కడ కాల్చడాలుండవక్కా. ఊరికే చూస్తూ కూర్చోవాలి," అంది తార్సిలా.

"ఎసరు మరిగేదాకా చూస్తూ కూర్చోవడమే కదా డాక్టరమ్మా నా బతుకంతా. జీతం కూడా ఇస్తానంటే ఇంకా బాగా చూస్తా."

"ఇంకోటి. అక్కడ ఎక్కువగా మాట్లాడకూడదు."

కొట్టులో ఉన్నవాళ్లంతా గొల్లున నవ్వారు. అయినా ఉద్యోగం ఇనాసియాకే దక్కింది.

కేంద్రంలో నియమాలు గట్టివి. పిల్ల మనిషిని చూడకూడదు. మనిషి చేతి తిండి తినకూడదు, మనిషి మాట వినకూడదు. మనిషి అంటే దానికి ఏమీ తెలియకుండానే పెరగాలి. ఇనాసియా కూర్చునే చెక్కగది కంచెకు చాలా దూరంలో ఉండేది కాబట్టి, ఆ గదిలో ఎంత వాగినా ఫరవాలేదని అందరూ అనుకున్నారు.

ఈ నియమాలన్నీ ఎందుకో తెలియాలంటే దుకేజాను చూస్తే చాలు. వంటగది పక్కన చిన్న కంచెలో ఉండే బంగారు రంగు ఆడ జాగ్వార్ అది. ఒకప్పుడు ఓ భూస్వామి ఇంట్లో ఇనుపబోనులో ఉండేది, విందులకొచ్చినవాళ్లు దానికి కేకు ముక్కలు విసిరేవారు. ఇప్పటికీ బకెట్ చప్పుడైతే చాలు, పరుగున వచ్చి ఊచలకు మెడ రుద్దుకుంటుంది. ఎవరు పిలిచినా వస్తుంది. అటువంటిదాన్ని అడవిలోకి వదిలితే మొదటి పడవ కనిపించగానే ఎదురెళ్లి నిలబడుతుంది, పడవలో ఉన్నవాడు భయపడి తుపాకీ తీస్తాడు. అందుకే దుకేజా బతుకంతా ఆ కంచెలోనే.

ఇనాసియా చూడవలసింది దుకేజా కన్న కూతుర్ని.

మొదటి రోజు పొద్దుటి నుంచి తెర మీద ఆకులే కనిపించాయి. సాయంత్రం కావస్తుండగా పొదల నీడలో కొంత ముక్క విడిపోయి ముందుకు నడిచింది. అది నీడ కాదు, పిల్ల. తల నుంచి తోక దాకా నలుపు. ఆ నది ఒడ్డున పుట్టి పెరిగి, జాగ్వార్లను ఎన్నోసార్లు చూసిన ఇనాసియా కూడా నల్లదాన్ని అంతవరకూ చూడలేదు. వాలు ఎండ దాని పక్కటెముకల మీద పడగానే ఆ నలుపు లోపలి నుంచి మచ్చలు పైకి తేలాయి, పూలపూలుగా, ఒకదాన్ని ఆనుకుని ఒకటి, నల్లపట్టు మీద నల్లదారంతో కుట్టినట్టు. ఒక్క అడుగు వెయ్యగానే మళ్లీ మాయమయ్యాయి. ఇనాసియా కాఫీ చల్లారిపోయింది. ఆమె నోటి వెంట ఒక్క మాట రాలేదు. కాసేపటికి తేరుకుని నుదుటి మీదా గుండెల మీదా శిలువ గుర్తు వేసుకుంది.

"చూశారా?" అని అడిగింది గుమ్మంలో నిలబడ్డ తార్సిలా.

"దేవుడు దీన్ని చేస్తున్నప్పుడు ఎవరికీ చూపించకుండా దాచిపెట్టుకుని చేసుంటాడమ్మా," అంది ఇనాసియా.

మర్నాటి నుంచి ఆమె నోరు మళ్లీ తెరుచుకుంది. కేంద్రం వాళ్లిచ్చిన హెడ్‌ఫోన్ చెవుల్ని నొక్కేస్తోందని, ఆటల కొట్టులోని తన పాత హెడ్‌ఫోన్ తెచ్చి తగిలించుకుంది. అడవి చప్పుళ్లు వింటూ, తెరతో కబుర్లు చెబుతూ కూర్చునేది. పిల్ల బురదలో జారిపడితే "అయ్యో నా తల్లీ" అనేది. ఎండుపుల్లను చూసి ఎగిరిపడితే పగలబడి నవ్వేది.

పిల్ల ఎదిగాక కంచెలోని మడుగులోకి ఒక మొసలిని వదిలారు. పిల్ల దాని వెనక నీళ్లలోకి దూకి మొదటిసారి పట్టు తప్పింది, రెండోసారీ తప్పింది. ఇనాసియా బొటనవేళ్లు జాయ్‌స్టిక్ మీద వాటంతటవే కదులుతున్నాయి.

"తొందరపడకు తల్లీ. అది నిన్ను చూళ్లేదు. ఆగు. తల తిప్పనీ... రానీ... ఇప్పుడు!"

నల్లటి ఒళ్లు గాలిలో సాగి నీళ్లలో పడింది. లేచేసరికి మొసలి పుర్రె దాని దవడల మధ్య ఉంది. పిల్లి జాతిలో మిగతావి మెడ పట్టుకుంటాయి, ఇది పుర్రెనే కొరుకుతుంది. ఎముక పగిలిన చప్పుడు హెడ్‌ఫోన్‌లో స్పష్టంగా వినిపించింది. తన బరువంత ఉన్నదాన్ని మెడ వంచకుండా గట్టెక్కించి, పొదల్లోకి ఈడ్చుకుపోయింది. ఇనాసియా కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది. ఆ రోజు వంటగదిలో కనిపించిన ప్రతివాడికీ ఆ కథ మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. వినడానికి మనుషులు అయిపోతే దుకేజాకి చెప్పింది.

వానలు మొదలయ్యే ముందు కంచె తలుపు తీసేద్దామని తార్సిలా నిర్ణయించింది. సరిగ్గా అప్పుడే ఇనాసియాకి ఒక సంగతి కంటపడింది. ఆమె వచ్చి కుర్చీలో కూర్చునే వేళకి పిల్ల ఎక్కడున్నా వచ్చి జటోబా చెట్టు కింద కూర్చుంటోంది. నీడ కోసం అనుకుంది. కానీ అది తల పైకెత్తి చెట్టువైపే చూస్తోంది. ఆ చెట్టుకి ఒక స్పీకర్ కట్టి ఉంది. అడవిలోని మగ జాగ్వార్ల గాండ్రింపులు రికార్డు చేసి, వాటి భాష దానికి తెలియాలని, రోజూ కాసేపు ఆ స్పీకర్లో వినిపించేవారు. ఆ మీట నొక్కేది ఇనాసియానే.

ఆమెకు తుమ్ము వచ్చింది. తెర మీద పిల్ల చెవులు రెండూ ఒక్కసారి ముందుకు తిరిగాయి.

ఇనాసియా తెరకి దగ్గరగా వంగింది. "ఏం తల్లీ?" అంది మెల్లగా. పిల్ల లేచి చెట్టుకి మెడ రుద్దుకుంది, అచ్చం వాళ్లమ్మ ఊచలకి రుద్దుకున్నట్టు.

ఆటల కొట్టు హెడ్‌ఫోన్‌కి మైకు ఉంటుంది. జట్టుతో మాట్లాడే ఆటకి అది లేకపోతే ఎలా? గాండ్రింపుల మీట నొక్కి అలాగే వదిలేసినప్పుడల్లా ఆ మైకు కూడా తెరుచుకునే ఉంది. ఇన్ని నెలలుగా ఆమె చెప్పిన కబుర్లు, ముద్దుమాటలు, నవ్వులు చాలామటుకు ఆ చెట్టు మీద నుంచి పిల్ల చెవిలో పడుతూనే ఉన్నాయి. మనిషి మాట అంటే అమ్మ మాట అనుకుని పెరిగింది అది.

హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టి, ఇనాసియా నేరుగా తార్సిలా దగ్గరికి వెళ్లి చెప్పింది. తార్సిలా తిట్టలేదు. తలపట్టుకుని కూర్చుంది.

"మీట పెట్టించింది నేను, హెడ్‌ఫోన్ చూసి ఊరుకున్నదీ నేనే. తప్పు ఒక్కరిది కాదక్కా. కానీ ఇలా అయితే తలుపు తియ్యలేను. ఏ జాలరివాడో పడవలో కూనిరాగం తీస్తాడు, ఇది వెళ్లి పక్కన కూర్చుంటుంది. అంతే."

"తియ్యకపోతే?"

తార్సిలా వంటగదివైపు చూసింది. అక్కడ ఎవరో బకెట్ కడుగుతున్నారు. దుకేజా ఊచల దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

ఇనాసియా ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి ముద్ద ముట్టలేదు. తండ్రి వితాలీనో పెకీ పళ్లు వేసి వండిన అన్నం తింటున్నాడు. పెకీ గింజను కొరికితే నోటినిండా ముళ్లే కాబట్టి, పళ్ల కొసతో పైపైన గీక్కుంటున్నాడు. వయసులో ఉండగా ముసలాయన భూస్వాముల పశువుల్ని కాస్తూ, మందలో పడ్డ జాగ్వార్లను వేటాడినవాడు. ఇప్పుడు కూతురు వాటిని పెంచే చోట పనిచేస్తోందని ఊళ్లో అందరూ ఆయన్ని ఏడిపిస్తుంటారు.

"ఎందుకే మూగనోము పట్టావు? రేడియో చెడిపోయినట్టుంది ఇల్లు."

కూతురు చెప్పింది. ముసలాయన గింజ పక్కన పెట్టాడు.

"నేను చంపినవాటిలో నా మీదకి దూకినవి తక్కువే. చాలావరకు నన్ను చూసి పారిపోకుండా ఒక్క క్షణం ఆగినవే. ఇదేంటబ్బా అన్నట్టు ఆగి చూసేవి. ఆ ఒక్క క్షణం చాలేది నాకు." పళ్లెం పక్కకి నెట్టి మళ్లీ అన్నాడు. "దానికి నువ్వంటే ఇష్టమైతే, నీ చేత్తోనే చంపినట్టు. దడిపించు. ఇంకోళ్ల గొంతుతో కాదు, నీ గొంతుతోనే దడిపించు."

ఆ మాటే తార్సిలా కూడా మర్నాడు మరోలా చెప్పింది. నమ్మిన గొంతు వెంట భయం రావాలి, మళ్లీ మళ్లీ రావాలి, మధ్యలో ఒక్కసారి జాలిపడినా పని చెడుతుంది. టపాసులు పేల్చాలా, కుక్కల అరుపులు పెట్టాలా అని ఆమె లెక్కలు వేస్తుంటే ఇనాసియా అడ్డుపడింది.

"నా గొంతూ తుపాకులూ కలిసి వినపడే చోటు ఒకటుంది కదమ్మా. ఆ ఆట డబ్బా ఇక్కడికి తెప్పించండి."

ఆటల కొట్టు యజమాని పెట్టె స్వయంగా పడవలో తీసుకొచ్చి ఇచ్చాడు. చెక్కగదిలో రెండు తెరలు పక్కపక్కన పెట్టారు. ఒకదాంట్లో శవాలు, ఒకదాంట్లో జటోబా చెట్టు. ఆట చప్పుడు నేరుగా స్పీకర్లోకి వెళ్లేలా తీగ కలిపారు.

"పిలవండక్కా," అంది తార్సిలా.

ఇనాసియా గొంతు సవరించుకుంది. "దా తల్లీ. ఎక్కడున్నావు? దా."

పిల్ల పొదల్లోంచి తాపీగా వచ్చి, చెట్టు కింద కూర్చుని, మొహం పైకెత్తింది. ఇనాసియా బొటనవేలు నొక్కింది.

చెట్టు మీద నుంచి తుపాకులు పేలాయి. పిల్ల ఎగిరిపడి, కంచెకు కొట్టుకుని, లేచి, మడుగు అవతల మట్టిలో కరుచుకుపోయింది. దాని పక్కలు ఎగసిపడటం తెరమీద కనిపిస్తోంది. "రానీ... రానీ... ఇప్పుడు!" అని ఇనాసియా ఎప్పటిలాగే మైకులో అరుస్తోంది, ఎప్పటిలాగే ఒక్క తూటా వృథా కాకుండా కాలుస్తోంది, కళ్ల నుంచి నీళ్లు కారి జాయ్‌స్టిక్ మీద పడుతున్నాయి. ఇటు తెరమీద శవాలు కూలుతున్నాయి. అటు తెరమీద ఆమె బంగారం వణుకుతోంది.

భయపెట్టడం అంత కష్టం కాలేదు. మర్నాడు పిలిస్తే పిల్ల మళ్లీ వచ్చింది, అది చూడటమే కష్టమైంది. ఆ తర్వాతి రోజూ వచ్చింది. నిన్న ఏదో పొరపాటు జరిగి ఉంటుందిలే అన్నట్టు, చెవులు వెనక్కి పెట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. వచ్చి చెట్టు కింద కూర్చుంది.

"ఇంక నావల్ల కాదు డాక్టరమ్మా. దాని మొహం చూడండి."

"ఈరోజు ఆపితే నిన్నటిదంతా వట్టి హింసే అవుతుందక్కా."

ఇనాసియా ముక్కు తుడుచుకుని మళ్లీ పిలిచింది. గొంతులో ప్రేమ ఏమాత్రం తగ్గకూడదు, తగ్గితే అది వేరే గొంతు అవుతుంది. కాబట్టి ప్రేమగానే పిలిచింది, పిలిచి కాల్చింది. అలా ఎన్ని సాయంత్రాలు గడిచాయో ఆమె లెక్కపెట్టుకోలేదు.

ఒకనాడు "దా తల్లీ" అంది. పొదలు కదిలాయి. చెట్టువైపు కాదు, అవతలికి. తుపాకీ ఇంకా పేలనే లేదు. ఒక నల్లటి వీపు, దాని మీద ఒక్క క్షణం తేలిన మచ్చలు, తర్వాత అంతా ఆకులే. మళ్లీ పిలిచింది. ఆకులే. తార్సిలా ఆమె భుజం పట్టుకుంది. ఇనాసియా ఆట కట్టేసి, హెడ్‌ఫోన్ తీగ పీకేసి, కుర్చీలో వెనక్కి వాలి, గెలిచినందుకు వెక్కి వెక్కి ఏడ్చింది.

తరువాత బయటివాళ్లను తీసుకొచ్చి కంచె చుట్టూ మాట్లాడుకుంటూ నడిపించారు. ఏ గొంతు విన్నా పిల్ల దాక్కుంది. మొదటి వాన పడ్డ సాయంత్రం తలుపు తెరిచారు. మీట నొక్కింది ఇనాసియానే. పిల్ల గడప దగ్గర ఆగి, తడి నేలను వాసన చూసింది. అంతలో ఎక్కడో అడవి లోపల మగ జాగ్వార్ ఒకటి గాండ్రించింది. అది రికార్డు కాదు, బతికున్న గొంతు. చెక్కగది కిటికీ ఊచలు ఆ గొంతుకి చిన్నగా అదిరాయి. పిల్ల తన జన్మలో మొదటిసారి బదులిచ్చింది. బోనులో పుట్టినదాని గొంతులో అంత అడవి ఎక్కడ దాగుందో ఇనాసియాకి అర్థం కాలేదు. ఒళ్లంతా గగుర్పొడిచి అలాగే కూర్చుండిపోయింది. మళ్లీ తెరవైపు చూసేసరికి గడప ఖాళీగా ఉంది.

ఆ తర్వాత ఇనాసియా మాట తగ్గిపోయింది. ఆటల కొట్టుకి వెళ్లినా మైకు దగ్గరికి తీసుకునేది కాదు. "అత్తా, ఉన్నావా? ఎటు తిరగమంటావ్?" అని దూరాన ఉన్న జట్టువాళ్లు అరిచినా, వేళ్లతో ఆడి ఊరుకునేది. పాస్తెల్లు కూడా నిశ్శబ్దంగా వేగేవి. కొట్టు యజమాని వేళాకోళం మానేశాడు.

రెండు వానాకాలాలు వెళ్లిపోయాయి. ఎండాకాలానికి నది తగ్గి ఇసుకదిబ్బలు తేలాక, తార్సిలా పడవలో బయల్దేరుతూ ఇనాసియానీ ముసలాయన్నీ ఎక్కించుకుంది. వదిలే ముందు మత్తిచ్చి పిల్ల మెడకి కట్టిన పట్టీ పంపే సంకేతాలు నెలలుగా నదిలో ఒకే వంక చుట్టూ తిరుగుతున్నాయట. ఆ వంక దగ్గర ఇంజను ఆపేశారు. పడవ నీటివాలుకి తేలుతూ వెళ్లింది.

ఇసుకదిబ్బ చివర అది ఉంది. ఈడొచ్చి, పెద్దదై, ఎండలో పడుకుని ఉంది. తెల్లటి ఇసుక మీద ఆ నలుపు, ఆ నలుపులో మచ్చలు, ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా. తెరలో చూసిన దానికీ దీనికీ పోలికే లేదు. దాని కడుపు కింద నుంచి ఒక కూన బయటికొచ్చింది. వాళ్లమ్మమ్మ రంగు, పచ్చబంగారం. ముసలాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

వంక అవతల నుంచి జాలరి పడవ ఇంజను చప్పుడు దగ్గరపడుతోంది. తార్సిలా ఆందోళనగా ఇనాసియావైపు చూసింది. ఏం చెయ్యాలో ఇనాసియాకి ఒకరు చెప్పనక్కర్లేదు. లేచి నిలబడింది. ఇన్నాళ్లూ లోపల పెట్టుకున్న గొంతుతో, మునుపటంత ప్రేమగా పిలిచింది.

"దా తల్లీ!"

నల్లది ఒక్క ఊపున లేచింది. తల తిప్పి చూడను కూడా లేదు, నేరుగా చెట్లవైపు దూకింది. కానీ కూన కదల్లేదు. ఇసుకలో నిలబడి, చెవులు రిక్కించి, పడవవైపు ఇదేంటబ్బా అన్నట్టు చూస్తోంది.

"ఆగింది," అన్నాడు ముసలాయన ముందుకి వంగి. "అయ్యో, ఆగిందే."

చెట్ల మొదట్లోంచి నల్లది వెనక్కి వచ్చింది. ఎంత భయం ఉందో ఒళ్లంతా కనిపిస్తోంది, పొట్ట నేలకి ఆనుతోంది. అయినా వచ్చింది. కూనని ఒక్క పెట్టు పెట్టి, మెడ పట్టి, గుర్రుమంటూ ఈడ్చుకుపోయింది. ఇసుక మీద అడుగులు మిగిలాయి. జాలరి పడవ మలుపు తిరిగేసరికి దిబ్బ మీద ఒక కొంగ తప్ప ఏమీ లేదు.

ఇనాసియా నిలబడే ఉంది. చెంపలు తడిసిపోయాయి, పెదాలు నవ్వుతున్నాయి.

"నాయనా, చూశావా?"

వితాలీనో టోపీ మళ్లీ తలమీద పెట్టుకున్నాడు. "చూశానే. ఇవి నాకు దొరికేవి కాదు," అన్నాడు.

ఇనాసియా ఆ మాటకి పకపకా నవ్వింది. నవ్వి, కూనకి ఎన్ని నెలలుంటాయో, దానికి పెట్టు ఎక్కడ తగిలిందో, తల్లి ఎంత బక్కచిక్కిందో, ఆ చెవులు ఎవరి పోలికో మొదలుపెట్టింది. పోర్తో గార్సా ఒడ్డు చేరేదాకా ఆపలేదు. మధ్యలో ఒకసారి ముసలాయన "కాస్త నోరు మూస్తావటే" అన్నాడు. మూయలేదు.